పాత పట్టీలలో పూర్వీకుల జాడ

మీ తాతగారి పేరు మీకు తెలియును. ఆయన తండ్రి పేరు కూడ మీలో పలువురు చెప్పగలరు. ఆ ముత్తాతగారి తాత ఎవరని అడిగినచో తరగతిలో లేచు చేతులు బహు తక్కువ. తాతగారి అమ్మమ్మ పేరేమని అడిగినచో ఒక్క చేయి లేచుట కూడ కష్టమే. నూరు, నూటయేబది సంవత్సరముల క్రిందట జీవించిన మన సొంతవారు ఇంత త్వరగా మరుగున పడిపోవుచున్నారు.

వారి జాడ తెలిసికొనుటకు జ్ఞాపకము ఒక్కటే చాలదు; వ్రాతలు కావలెను. అయితే పాత వ్రాత దొరకినంత మాత్రమున సత్యము దొరకినట్లు కాదు. ప్రయోగశాలలో ఒక కొలతను ఎట్లు పరీక్షింతుమో, పాత పట్టీలోని పేరును కూడ అట్లే పరీక్షింపవలెను. దీనిని ఎవరు వ్రాసినారు? ఎందుకు వ్రాసినారు? ఎక్కడ పొరపాటు పడుటకు అవకాశమున్నది? ఈ పరీక్ష ఎట్లు జరుగునో తెలుగువారికి దగ్గరి సంబంధముగల ఒక ఉదాహరణముతో తెలిసికొందము.

ఎవరి పేర్లు వ్రాసినారు?

మన దేశములో జనన మరణముల నమోదును నిర్బంధము చేసిన చట్టము 1969లో వచ్చినది. అంతకుముందు 1886లో వచ్చిన చట్టము ప్రకారము నమోదు చేయించుకొనుట ఐచ్ఛికము. అందుచేత పాత తరముల విషయములో మనము వేరొక పనికై వ్రాసిన కాగితములపై ఆధారపడవలసి యున్నది. భూమిశిస్తు కొరకు వ్రాసిన సెటిల్‌మెంటు రిజిస్టర్లు, మద్రాసు రాజధానిలో ఇనాము హక్కులను తేల్చుటకు 1858లో ఏర్పడిన ఇనాం కమీషను రిజిస్టర్లు, హరిద్వారము వంటి క్షేత్రములలో పండాలు యాత్రికుల వంశముల పేర్లు ఎక్కించు బహీలు ఇట్టివి.

ప్రతి కాగితమునకు ఒక ప్రయోజనము ఉండును. ఆ ప్రయోజనమునకు ఎవరు అవసరమో వారే అందులో కనబడుదురు. ఇనాం రిజిస్టరులో భూమి అనుభవించువారు ఉందురు. ఆ భూమిలో పనిచేసిన కూలివాని పేరు ఉండదు. ఇండ్లలో వ్రాసికొన్న వంశవృక్షములలో తండ్రి, కొడుకు, మనుమడు అను వరుస ఉండును. కుమార్తెలు, కోడండ్రు తరచుగా ఉండరు. 

భూమి లేనివారి పేర్లు, స్త్రీల పేర్లు తండ్రి పేరుతోను ఊరి పేరుతోను సహా వ్రాసిన పట్టీలు మాత్రము ఒక రకమువి ఉన్నవి. అవి సముద్రము దాటిన కూలీల పట్టీలు.

ఓడల పట్టీలు

1833 నాటి చట్టముతో బ్రిటిషు సామ్రాజ్యములో బానిసత్వము రద్దయినది. చెరకు తోటలకు పనివారు కరువైనారు. అప్పుడు తోటల యజమానులు మన దేశమునుండి కూలీలను ఐదేండ్ల ఒప్పందముపై రప్పించుకొనసాగినారు. ఇట్లు మారిషస్ ద్వీపమునకు సుమారు నాలుగున్నర లక్షల మంది పోయినారు. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు మద్రాసు నుండి బయలుదేరిన ‘ట్రూరో’ అను ఓడ 1860 నవంబరు 16వ తేదీన డర్బన్ చేరినది. 1911 వరకు నేటాల్ చేరినవారు 1,52,184 మంది. ఫిజీ దీవులకు 1879 - 1916 మధ్య అరువదివేల మందికి పైగా పోయినారు. 1903 నుండి మద్రాసులో కూడ ఓడలు ఎక్కించినారు. ఈ జనములో గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు కలరు.

నేటాల్ పట్టీలో ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క వరుస. అందులో అతని నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, ఠాణా, గ్రామము, ఎత్తు, శరీరముపై మచ్చలు ఉండును. ఇది వారిపై అభిమానముతో వ్రాసినది కాదు. తోటనుండి పారిపోయిన కూలీని గుర్తుపట్టుటకు మచ్చలు, లెక్క తప్పకుండుటకు నంబరు. కాని ప్రతి నూరుమంది పురుషులకు నలువది మంది స్త్రీలను పంపవలెనను నియమము ఉండుటచేత స్త్రీలను కూడ విడివిడిగా లెక్కపెట్టినారు. ఇంటి వంశవృక్షములో చోటు దొరకని స్త్రీకి ఇక్కడ సొంత వరుస, సొంత నంబరు, తండ్రి పేరు దొరకినవి.

ఈ పట్టీలు నేడు డర్బన్‌లోను, ఫిజీ జాతీయ పత్రాగారములోను, మారిషస్‌లోని మోకాలో ఉన్న మహాత్మాగాంధీ సంస్థలోను భద్రపరుపబడియున్నవి. వలసపోయినవారి సంతతి ఐదవ, ఆరవ తరములో ఈ పట్టీల ద్వారా తమ ఊరిని వెదకికొనుచున్నారు. వారి ముందున్న చిక్కులను ఒక్కొక్కటిగా చూతము.

పేరు చేసిన ప్రయాణము

‘అప్పన్న’ అను పేరుగల కూలీని ఊహింపుడు. అతడు తన పేరు తెలుగున పలికినాడు. తెలుగు రాని గుమాస్తా తన చెవికి తోచినట్లు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినాడు. ఒకచోట ‘అపానా’, మరొకచోట ‘ఔపన్నాహ్’. పైగా పట్టీలో సాధారణముగా ఇంటిపేరు ఉండదు. తరువాతి తరములలో ఆ ‘అపానా’యే పిల్లలకు ఇంటిపేరయినది. మనకు వంశమును గుర్తించుటకు ముఖ్యమైన తాళపుచెవి ఇంటిపేరు. ఓడ ఎక్కునప్పుడు అదియే జారిపోయినది.

అక్షరములు వేరైనను ధ్వని ఒకటే అయిన పేర్లను ఒకచోట చేర్చుటకు ఒక ఉపాయము ఉన్నది. దానిని సౌండెక్స్ అందురు. అమెరికాలో రాబర్ట్ రస్సెల్ 1918లో దీనికి పేటెంటు పొందినాడు. 1930లలో ఆ దేశపు పాత జనాభా లెక్కలకు సూచికలు తయారు చేయుటలో ఇది ఉపయోగపడినది. పేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరమును ఉంచి, మిగిలిన అచ్చులను తీసివేయవలెను. దగ్గరి ధ్వనులుగల హల్లులకు ఒకే అంకె ఇవ్వవలెను: బి, పి, ఎఫ్, వి లకు 1; డి, టి లకు 3; ఎమ్, ఎన్ లకు 5. జంటగా వచ్చిన హల్లు ఒకసారే లెక్కకు వచ్చును. మూడంకెలు నిండనిచో సున్న చేర్చవలెను. అప్పుడు అప్పన్న, అపానా, ఔపన్నాహ్ మూడింటికిని ‘ఏ-150’ అను ఒకే గుర్తు వచ్చును. నాయుడు, నైడూ అను రెండు రూపములకును ‘ఎన్-300’ వచ్చును.

దీనికి హద్దులు ఉన్నవి. ‘ఎర్రయ్య’ను ఒక గుమాస్తా ‘ఇ’ అక్షరముతో, మరొకడు ‘వై’ అక్షరముతో మొదలుపెట్టినచో గుర్తులు వేరగును. మరొకవైపు ‘అబ్బన్న’ కూడ ‘ఏ-150’ లోనికే వచ్చును. వల విసరుటకు సౌండెక్స్ పనికివచ్చును. పడిన చేప మనదేనా అనునది వేరుగా తేల్చుకొనవలెను.

వయస్సు, ఊరు

పట్టీలలోని వయస్సులను చూచినచో 20, 25, 30 అను అంకెలు మిక్కుటముగా కనబడును. పుట్టిన తేదీ తెలియనివారు ఉజ్జాయింపుగా చెప్పుటచేతను, గుమాస్తా చూపుతో అంచనా వేయుటచేతను ఇట్లగును. దీనిని కొలుచుటకు జనాభా శాస్త్రజ్ఞులు విపుల్ సూచికను వాడుదురు. 23 - 62 ఏండ్ల మధ్యవారిలో వయస్సు 0తో గాని 5తో గాని ముగియువారు సహజముగా ఐదింట ఒక వంతు ఉండవలెను. అట్లున్నచో సూచిక 100. అందరును అట్టి వయస్సులే చెప్పినచో 500. కావున పట్టీలో ‘25’ అని ఉన్నచో ఇరువదియైదు అని కాక, ‘ఇరువది - ముప్పది మధ్య’ అని చదువుకొనుట మంచిది.

ఊరి విషయమున చిక్కు మరొక విధమైనది. కొత్తపేట, కొత్తూరు వంటి పేర్లుగల ఊళ్లు మనకు ఎన్నియో ఉన్నవి; ఠాణా పేరు లేనిచో అవి విడివడవు. జిల్లాలు కూడ నిలుకడగా ఉండలేదు. 1900లో ఓడ ఎక్కిన పార్వతీపురం ప్రాంతపువాని జిల్లా విశాఖపట్నం. ఆ ప్రాంతమే 1950లో శ్రీకాకుళం జిల్లాలోను, 1979లో విజయనగరం జిల్లాలోను చేరి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లా అయినది. గంజాం జిల్లాలో అధికభాగము 1936లో ఒరిస్సాలో కలిసినది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది. అందుచేత అంతకుముందు పోయిన చిత్తూరివాడు పట్టీలో ఉత్తర ఆర్కాటువాడుగా ఉండును. పాత పట్టీ చదువువాడు ఆనాటి పటమును దగ్గర ఉంచుకొనవలెను.

ఎన్ని ఆధారములు చాలును?

ఒక లెక్క వేసి చూతము. నేటాల్ పట్టీలో సుమారు 1,52,000 పేర్లు ఉన్నవి. ఒక పేరు నూటికి ఒకరికి ఉన్నదనుకొందము. అప్పుడు ఆ పేరుగలవారు 1,520 మంది. తండ్రి పేరు కూడ నూటికి ఒకరికి ఉన్నదనుకొన్నచో రెండును కలిసినవారు 15 మంది. జిల్లా కూడ సరిపోవువారు ఐదింట ఒక వంతు అనుకొన్నచో ముగ్గురు మిగులుదురు. ఓడ చేరిన సంవత్సరము తెలిసినచో ఒక్కడు మిగులవచ్చును. ఏ ఒక్క ఆధారమును బలమైనది కాకపోయినను అన్నియు కలిసి ఒకే మనిషిని చూపగలవు.

ఈ గుణకారము చెల్లుటకు ఆధారములు ఒకదానితో ఒకటి సంబంధము లేనివి కావలెను. సింహాచలేశుని అప్పన్నగా కొలుచు విశాఖ ప్రాంతములో ఆ పేరు పెట్టుకొనువారు ఎక్కువ. కనుక ‘పేరు అప్పన్న, జిల్లా విశాఖపట్నం’ అనునవి రెండు సాక్ష్యముల వలె కనబడినను రెండింటి బలము వానికి లేదు. సంభావ్యత పాఠము చెప్పు ఉపాధ్యాయులకు ఇది మంచి ఉదాహరణము.

రక్తము చెప్పునది

కాగితము చాలనిచోట నేడు డి.ఎన్.ఎ. పరీక్ష తోడువచ్చుచున్నది. దాని శక్తిని, పరిమితిని తెలిసికొనుటకు చిన్న లెక్క చాలును. తలిదండ్రులు ఇద్దరు, తాతలు అవ్వలు నలుగురు. ఇట్లు ఐదు తరములు వెనుకకు పోయినచో మన పూర్వీకుల స్థానములు 32. ఓడ దిగిన అప్పన్న ఆ 32 మందిలో ఒకడు మాత్రమే. తండ్రినుండి కొడుకునకు పోవు వై క్రోమోసోము ఆ 32 మందిలో ఒక్క పురుషుని జాడ చెప్పును. తల్లినుండి సంక్రమించు మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. ఒక్క స్త్రీ జాడ చెప్పును. మిగిలిన ముప్పదిమందిని గూర్చి ఆ రెండును మౌనము వహించును.

ఇతర క్రోమోసోములలోని భాగము తరతరమునకు సగమగుచు పోవును. వలసపోయిన అన్న సంతతికిని, ఊరిలో నిలిచిన తమ్ముని సంతతికిని ఐదవ తరమున గుర్తింపదగిన ఉమ్మడి భాగము తరచు మిగులదు. కావున పరీక్షలో పోలిక రానంత మాత్రమున బంధుత్వము లేదనుట తప్పు. మేనరికముల విషయము దీనికి విరుద్ధము. అన్నాచెల్లెండ్ర సంతానము పెండ్లాడినచో వారి బిడ్డలకు ముత్తాతలు, ముత్తవ్వలు కలిసి ఎనమండుగురికి బదులు ఆరుగురే ఉందురు. ఇట్టి వివాహములు తరతరములుగా జరిగిన ఊళ్లలో దూరపు బంధువులు కూడ పరీక్షలో దగ్గరివారివలె కనబడుదురు. కాగితము, రక్తము ఒకదానినొకటి సరిచూచుకొనవలసినదే.

మీ యింటి పట్టీ

విద్యార్థులు ఈ పనిని తమ ఇంటినుండియే ఆరంభింపవచ్చును. ఒక పెద్ద కాగితముపై మీ పేరు వ్రాసి, తల్లివైపును తండ్రివైపును సమానముగా శాఖలు గీయుడు. ప్రతి స్త్రీ పేరు ప్రక్క ఆమె పుట్టినింటి ఇంటిపేరును, ఊరును వ్రాయుడు; ముందుగా మరుగుపడునవి అవియే. ప్రతి పేరునకు ఆధారము చూపుడు: నానమ్మ చెప్పినది, పాత పట్టాలో ఉన్నది, పెండ్లి శుభలేఖలో ఉన్నది. చెప్పినవారి పేరు, తేదీ తప్పక ఉండవలెను. ఒకే విషయమును ఇద్దరు పెద్దలు వేరుగా చెప్పినచో రెండును వ్రాయుడు. మీకు నచ్చినదానిని ఉంచి రెండవదానిని చెరపవలదు. ఒక్క ఆధారమే ఉన్న పేరును పెన్సిలుతో వ్రాసి, దానితో సంబంధములేని రెండవ ఆధారము దొరకిన తరువాతనే సిరాతో దిద్దుడు.