మీకు తెలుసా? చెరపకుండానే తప్పు దిద్దే పుస్తకం!

టోలిచౌకి నుంచి ఫిల్మ్‌నగర్ దాకా ఏ మీసేవలో అడిగినా చెబుతారు, పిల్లల బర్త్ సర్టిఫికెట్‌లో తప్పులు సరిచేయించుకోవడానికి ఎంతమంది వస్తారో! ఆ చిన్న కాగితం వెనక దాగిన వింతలు ఇవిగో. పిల్లలకూ చదివి వినిపించండి.

● బర్త్ రిజిస్టర్‌లో తప్పు పడితే కొట్టివేయడం, చెరపడం కుదరనే కుదరదు! 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ ప్రకారం పాత రాత అలాగే ఉంటుంది. రిజిస్ట్రార్ పక్కన మార్జిన్‌లో సరైన వివరం రాసి, సంతకం చేసి, తేదీ వేస్తారు.

● ఈ రిజిస్టర్‌కి చావు లేదు! దీన్ని శాశ్వతంగా దాచాలి, ఎన్నటికీ నాశనం చేయకూడదని నిబంధనల్లోనే రాసి ఉంది.

● పేరు పెట్టకుండానే పుట్టుక నమోదు చేయించవచ్చు! 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే రుసుము లేదు, ఆ తర్వాత లేట్ ఫీజు కట్టి 15 ఏళ్ల దాకా చేర్పించవచ్చు. అంటే పదో తరగతి హాల్‌టికెట్ అందుకునే వయసు వరకూ!

● పుట్టుక నమోదుకు మామూలు గడువు 21 రోజులు. మన ఇళ్లలో చాలామంది బారసాల చేసేదీ 21వ రోజే! ముస్లిం ఇళ్లలో పేరు పెట్టే అఖీఖా వేడుక ఏడో రోజే చేస్తారు కాబట్టి, టోలిచౌకిలో ఎందరో బుజ్జాయిల పేర్లు గడువుకు రెండు వారాల ముందే సిద్ధం.

● కదిలే బండిలో పాపాయి పుడితే ఎక్కడ రాయించాలో చెప్పగలరా? బండి మొదట ఎక్కడ ఆగితే అక్కడే! విమానం, ఓడ, రైలుపెట్టె, మోటార్‌సైకిల్, రిక్షా, చివరికి టాంగా కూడా నిబంధనల జాబితాలో ఉన్నాయి.

● గల్ఫ్‌లో పుట్టిన బిడ్డను కూడా ఇక్కడ నమోదు చేయించవచ్చు! తల్లిదండ్రులు భారత పౌరులై, ఇక్కడే స్థిరపడటానికి తిరిగొస్తే, బిడ్డ దేశంలో అడుగుపెట్టిన 60 రోజుల్లోపు ఆ పని చేయించుకోవచ్చు.

● అక్షరదోషమైతే రిజిస్ట్రారే దిద్దుతారు. అసలు వివరమే తప్పైతే మాత్రం ఇద్దరు మనుషులు కావాలి! సంగతి తెలిసిన, నమ్మదగిన ఇద్దరు 'జరిగిన తప్పు ఇది, నిజం ఇది' అని రాతపూర్వకంగా ప్రకటించాలి.

● లక్ష్మికి తెలుగులో ఒకటే రూపం, ఇంగ్లీషులో ఎన్నో! బిడ్డ కాగితంలో 'ఎక్స్'తో, తల్లి ఆధార్‌లో 'కె ఎస్ హెచ్'తో ఉంటే ఒకే మనిషి ఇద్దరిలా కనిపిస్తుంది.

● ఒక తెలుగు బిడ్డ ఇంటిపేరు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది! భర్త చనిపోయి మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లికి బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఉందని 2022 జులై 28న తీర్పు వచ్చింది.

● చిరంజీవి అసలు పేరు కొణిదెల శివశంకర వరప్రసాద్! తెర పేరు ఎంత వెలిగినా రికార్డులోని అసలు పేరు 'తప్పు' కాదు. పేరు మార్చుకోవడం వేరు, తప్పు దిద్దించుకోవడం వేరు.

● దేశ సైన్యాధిపతికే రెండు పుట్టిన సంవత్సరాలు! అప్పటి సైన్యాధిపతి జనరల్ వి.కె.సింగ్ పుట్టింది 1950లోనా, 1951లోనా అని సైన్యంలోని రెండు విభాగాల రికార్డులు విభేదించడంతో 2012లో ఆ గొడవ సుప్రీంకోర్టుకు చేరింది.

● అమెరికా 18వ అధ్యక్షుడు యులిసీస్ ఎస్. గ్రాంట్ పేరులోని 'ఎస్'కి అర్థమే లేదు! ఆయన అసలు పేరు హైరమ్ యులిసీస్; 1839లో సైనిక కళాశాలకు పంపిన కాగితంలో పడిన తప్పే జీవితాంతం అంటిపెట్టుకుంది.

● 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లల పాస్‌పోర్ట్‌కి పుట్టిన తేదీ రుజువు బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే! స్కూల్ కాగితమో మరొకటో చూపించి గట్టెక్కే దారి వాళ్లకు లేదు కాబట్టి, అందులో ఒక్క అంకె తప్పినా ముందు దాన్నే దిద్దించుకోవాలి.

● ప్రపంచంలో అయిదేళ్లలోపు పిల్లల్లో దాదాపు 15 కోట్ల మంది పుట్టుక ఎక్కడా నమోదు కాలేదని 2024లో యునిసెఫ్ లెక్క చెప్పింది! 2011లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం జనాభాయే సుమారు 8.46 కోట్లు! నమోదు కాని ఆ పిల్లలకు తప్పు దిద్దించుకోవడానికైనా ఒక కాగితం లేదు.

● దిద్దుబాటు కన్నా తేలికైన పని ఒకటుంది: ఆసుపత్రిలో ఫారం నింపేటప్పుడే చదువుకోవడం! ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ వివరాలు అక్కడి నుంచే రిజిస్ట్రార్‌కి వెళ్తాయి కాబట్టి, సంతకానికి ముందు ఒక్క నిమిషం చాలు. ఇంతకీ మీ బంగారుకొండ సర్టిఫికెట్‌లో అమ్మ పేరు, నాన్న పేరు, పుట్టిన తేదీ అన్నీ ఒకసారి సరిచూశారా?