పాటని గోడకెక్కించడం ఎలా?

హాస్టల్లో ఏ రూముకెళ్ళినా పాట పోస్టరంటే ఒకటే మోడల్. హీరో స్టిల్లు, దాని కింద ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు పల్లవి. స్టిల్లు సినిమా వాళ్ళది, డిజైన్ యాప్ వాళ్ళది. ఆ పాటని అర్ధరాత్రి వందసార్లు విన్నది మాత్రం మనం. ఆ విన్నది పోస్టర్లో ఎక్కడుంది?

కె. విశ్వనాథ్ గారి 'సిరివెన్నెల' (1986) గుర్తుందా? అందులో హీరో చూపులేని వేణు విద్వాంసుడు, ఆమె మాటలేని చిత్రకారిణి. ఆమె గీసింది అతను చూడలేడు, అతను వినిపించినదానికి ఆమె మాటతో బదులు చెప్పలేదు. పాటకీ బొమ్మకీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఆ రెండు పాత్రల్ని చూస్తేనే అర్థమవుతుంది. పాటలో ఉన్నదాన్ని మళ్ళీ బొమ్మ వేస్తే అది నకలు. విన్నప్పుడు మనకి కనిపించింది వేస్తేనే పోస్టర్. (ఆ సినిమాతోనే సీతారామశాస్త్రి గారికి 'సిరివెన్నెల' ఇంటిపేరైపోయింది. ఆయన మన పక్క అనకాపల్లిలో ఉన్న మనిషే, తెలుసుగా!)

ఒక ఉదాహరణ తీసుకుందాం. 'అల్లూరి సీతారామరాజు' (1974) కోసం మన విశాఖలో పుట్టిన శ్రీశ్రీ రాసిన పాటకి జాతీయ అవార్డు వచ్చింది. దానికి పోస్టరనగానే అందరూ విల్లు పట్టుకున్న కృష్ణ గారిని వేస్తారు. హీరోని తీసేసి చూడండి, ఏం మిగులుతుంది? నాకైతే మన్యం కొండలు. పాడేరు ఘాట్ ఎక్కుతుంటే పొరలు పొరలుగా కనిపిస్తాయే, ముందుది ముదురుగా, వెనక్కి వెళ్ళేకొద్దీ లేతగా, అవి. దీనికి డ్రాయింగ్ రానక్కర్లేదు. ఒకే రంగులో నాలుగు షేడ్ల చార్ట్ పేపర్లు తీసుకుని కొండ అంచుల్లా కత్తిరించండి. ఒక్కో పొర వెనక చిన్న చిన్న అట్టముక్కలు అతికించి, ఒకదాని మీద ఒకటి పెట్టండి. ఆ ఖాళీల వల్ల పొరల మధ్య నిజం నీడ పడుతుంది. సాయంత్రం టేబుల్ లైట్ పక్కనుంచి వేస్తే కొండలు లేచి నిలబడతాయి.

ఇప్పుడు అక్షరాలు. నిజానికి నా గోలంతా ఇక్కడే. తెలుగు అక్షరం దానంతటదే ఒక బొమ్మ. బాపు గారి చేతిరాత చివరికి ఫాంటే అయిపోయింది. ఆయన తీసిన 'సాక్షి' (1967)తో పోస్టర్ల రంగంలోకి వచ్చిన పాలకొల్లు ఈశ్వర్ గారి టైటిళ్ళు చూడండి. సినిమా ఏ రకమో అక్షరం వంపే చెప్పేస్తుంది. అలాంటి లిపిని పక్కనపెట్టి ఇంగ్లిష్‌లో పల్లవి రాసుకోవడం నాకు మింగుడుపడదు.

కంప్యూటర్ మీద చేస్తే సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, గిడుగు, గురజాడ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఫొటోషాప్‌లో వత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయా? ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర 'వరల్డ్ రెడీ లేఔట్' ఎంచుకోండి, పాత వెర్షన్లలో 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' అని ఉంటుంది. ఇంక్‌స్కేప్‌లో అయితే ఈ తలనొప్పే లేదు, పైగా ఫ్రీ. ఇంకోటి, లైన్ల మధ్య ఖాళీ. 'స్త్రీ' అని రాసి చూడండి. పైన గుడి దీర్ఘం, కింద రెండు వత్తులు. ఇంగ్లిష్‌కి సరిపోయే ఖాళీ ఇస్తే పై లైను వత్తు కింది లైను గుడిని గుద్దేస్తుంది. అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లైనా వదలాలి.

ప్రింట్ షాపుకెళ్ళేముందు సైజు చూసుకోండి. ఎ3 కాగితం మీద 300 డీపీఐలో స్పష్టంగా రావాలంటే 3508 × 4961 పిక్సెళ్ళు కావాలి. ఇన్‌స్టా కోసం చేసిన 1080 పిక్సెళ్ళ ఫైలు అదే కాగితం మీద 90 చిల్లర డీపీఐకి పడిపోతుంది, అక్షరాల అంచులు మసకబారతాయి. స్క్రీన్ మీద మెరిసే నియాన్ నీలం కాగితం మీద చప్పగా వస్తుంది, అది ప్రింటర్ తప్పు కాదు.

పోస్టర్ చుట్టూ ఏం పెట్టాలి? ప్లాస్టిక్ తీగలు, ఎల్‌ఈడీ ఆకులు వద్దు బాబూ. పూర్ణా మార్కెట్లో వెదురు చేట కొనుక్కుంటే అదే ఫ్రేము. ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకుల విస్తరి గుండ్రంగా, కుట్లతో సహా అందంగా ఉంటుంది. బాగా ఎండబెట్టి రెండు పూతలు వార్నిష్ వేసి మధ్యలో పోస్టర్ పెట్టొచ్చు. ఎండబెట్టకపోతే వారంలో బూజు గ్యారంటీ. రంగులకి పాఠం కావాలంటే ఏటికొప్పాక బొమ్మ ఒకటి ఎదురుగా పెట్టుకోండి. అంకుడు కర్ర మీద లక్క, సహజ రంగులు. ఆ పసుపు, ఎరుపు పక్కపక్కన ఉన్నా కంటికి గుచ్చుకోవు. 2017లో జీఐ గుర్తింపు వచ్చింది దానికి.

చివరి సమస్య మన సముద్రం. ఈ ఉక్కపోతకి కాగితం తేమ పీల్చుకుని అంచులు చుట్టుకుపోతాయి. డబుల్ టేపు వేస్తే పోస్టర్‌తో పాటు సున్నం పెచ్చు ఊడుతుంది, ఆపైన కాషన్ డిపాజిట్‌లో కోత. అందుకే గోడని ముట్టుకోవద్దు. కిటికీ ఊచ నుంచి అల్మరా హ్యాండిల్‌కి పురికొస కట్టి, బట్టల క్లిప్పులతో వేలాడదీయండి. పోస్టర్ వెనక పైనా కిందా కొబ్బరీనె ఒక్కోటి అతికిస్తే చుట్టుకోదు. ఫ్యాను స్పీడు ఐదు మీద ఉంటే మాత్రం కింద ఇంకో రెండు క్లిప్పులు బరువుకి తగిలించాలి. రూమ్మేట్ తడి టవల్ కూడా అదే పురికొస మీద ఆరేస్తాడు, ఆ విషయం ముందే తేల్చుకోండి.