నేరం తగ్గించిన రికార్డులు: కోడూరు మంట నుంచి కప్పట్రాళ్ల దాకా

అతి పెద్ద గంజాయి దహనం

2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు ఒకేచోట పోగేసి తగలబెట్టిన గంజాయి 2 లక్షల కిలోలు. అంటే 200 టన్నులు. అప్పటి డీజీపీ గౌతమ్ సవాంగ్ స్వయంగా వచ్చి నిప్పంటించారు. రాష్ట్ర పోలీసు చరిత్రలో అంత సరుకు ఒక్కసారిగా కాల్చడం అంతకుముందు లేదు. మన కె.కోటపాడు వాళ్లకు ఇది దూరపు వార్త కాదు. పాడేరు ఘాట్ దిగి మాడుగుల, వడ్డాది, చోడవరం మీదుగా మైదానానికి వచ్చే దారి మనకు పక్కనే.

ఆ మంట కన్నా నాకు గొప్పగా తోచే పని దానికి కొద్ది నెలల ముందే మొదలైంది. 2021 చివర్లో ‘పరివర్తన’ పేరుతో పోలీసులు మన్యం ఊళ్లకు వెళ్లి, గిరిజనులతో మాట్లాడి, 7,500 ఎకరాలకు పైగా గంజాయి తోటలు నరికించారు. చాలాచోట్ల పండించినవాళ్లే కత్తి పట్టి నరికారు. బదులుగా కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్మా వేయించే ప్రయత్నం జరిగింది. ఆ పంటలకు గిట్టుబాటు ధర, సంతకు తీసుకెళ్లే రోడ్డు ఉన్నన్నాళ్లే ఆ మార్పు నిలుస్తుంది. నరికిన చోటే ఒక్క వానకు గంజాయి మళ్లీ మొలవచ్చు కదా!

పుట్టుకే నేరమన్న చట్టం: 81 ఏళ్లు

1871లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాల్లో పుట్టినవాళ్లందరినీ పుట్టుకతోనే దొంగల జాబితాలో రాసేసింది. 1952లో గానీ రద్దు కాలేదు. ఆ విధానం కిందే 1913లో బాపట్ల దగ్గర ఎరుకల వాళ్ల కోసం సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా స్టూవర్టుపురం సెటిల్మెంటు వెలిసింది. చట్టం పోయినా ముద్ర పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసు జీపు ముందు ఆ ఊరికే వచ్చేది.

1970లలో ఆ ఊళ్లో అడుగుపెట్టారు లవణం, హేమలత దంపతులు. ఆయన నాస్తికోద్యమ నేత గోరా కొడుకు, ఆమె కవి జాషువా కూతురు. 1960లో చంబల్ లోయలో వినోబా ముందు బందిపోట్లు ఆయుధాలు దించినప్పుడు ఆ యాత్రలో నడిచినవాళ్లు. ఆ అనుభవంతో ఇక్కడికి వచ్చి ఇంటింటికీ తిరిగారు. పిల్లల్ని బడికి పంపించారు, దొంగతనం మానేసినవాళ్లకు బతుకుతెరువు వెతికిపెట్టారు, పోలీసులకీ ఊరికీ మధ్య మాట కలిపారు. ‘సంస్కార్’ సంస్థ అలా నిలబడింది. తుపాకీ లేకుండా, కొత్త చట్టం లేకుండా నేరం తగ్గించిన పనుల్లో తెలుగునాట దీనికి మించినది నాకు కనిపించదు. పాఠ్యపుస్తకాల్లో దీనికి చోటు దక్కాలి.

పోలీసు దత్తత తీసుకున్న ఫ్యాక్షన్ ఊరు

కర్నూలు జిల్లా దేవనకొండ మండలం కప్పట్రాళ్ల. 2008లో ఆ ఊరి కక్షల్లో ఒక్క దాడిలోనే 11 మంది హతమయ్యారు. 2014లో దోషులకు యావజ్జీవం పడింది. మామూలుగా పోలీసు పని అక్కడితో సరి. అప్పటి ఎస్పీ ఆకే రవికృష్ణ మాత్రం ఆ తర్వాత ఊరినే దత్తత తీసుకున్నారు. తండ్రులు జైల్లో ఉన్న ఇళ్లలో రేపు కొడుకులు కత్తి పట్టకుండా చూడటమే అసలు పని అని గుర్తించడంలో ఉంది ఆ అధికారి ముందుచూపు. 2024 చివర్లో గంజాయి, మత్తుమందుల మీద రాష్ట్రం ఏర్పాటు చేసిన ‘ఈగల్’ దళానికి అధిపతి అయిందీ ఆయనే.

కంచికచర్ల తొలి జీరో ఎఫ్ఐఆర్

‘ఇది మా స్టేషన్ పరిధి కాదు’ అనే మాటకు మన రాష్ట్రంలో తొలి గండి 2019 డిసెంబరులో అప్పటి కృష్ణా జిల్లా కంచికచర్లలో పడింది. 2024 జులై 1 నుంచి దేశమంతటా జీరో ఎఫ్ఐఆర్ చట్టంలోనే ఉంది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే.

లోకంలో మరికొన్ని

బ్రెజిల్‌లో దియాదెమా పట్టణం 2002లో రాత్రి 11 తర్వాత మద్యం దుకాణాలు మూయించింది. హత్యలు దాదాపు 44 శాతం తగ్గాయి. న్యూయార్క్‌లో 2016లో పేదల కాలనీల్లో పెద్ద దీపాలు పెట్టి చూస్తే రాత్రిపూట ఆరుబయట జరిగే పెద్ద నేరాలు 36 శాతం పడిపోయాయి. ఐస్‌లాండ్‌లో 15, 16 ఏళ్ల పిల్లల్లో గత నెలలో తాగి మత్తెక్కామన్నవాళ్లు 1998లో 42 శాతం, 2016 నాటికి 5 శాతం. గంజాయి రుచి చూసినవాళ్లు 17 నుంచి 7 శాతానికి దిగారు. అక్కడ ముఖ్యంగా చేసింది పిల్లలకు ఆటలు, సంగీతం అందుబాటులోకి తేవడం, రాత్రి పొద్దుపోయాక వీధుల్లో తిరగనివ్వకపోవడం, తల్లిదండ్రులంతా ఒక మాట మీద నిలబడటం. మన ఊళ్లకూ అందని పనులేం కావు.

కుర్రాళ్లకు ఒక మాట

గంజాయి మూట ఒకచోట నుంచి ఇంకోచోటికి చేరిస్తే చాలు, వేలిస్తామని చెప్పేవాళ్లుంటారు. గంజాయి 20 కిలోలు దాటితే చట్టం దాన్ని వ్యాపార పరిమాణంగా లెక్కిస్తుంది. తక్కువలో తక్కువ పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు కఠిన జైలు, పైన లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. అలాంటివాళ్లు మీ వీధికి వస్తే ఈగల్ నంబరు 1972కు ఫోన్ చేయండి.