పిండి లేని చిక్కదనం: తక్కువ పిండిపదార్థాల ఆహారంలో గోరుచిక్కుడు బంక

మధుమేహ నియంత్రణకై పిండిపదార్థాలను తగ్గించుకొనేవారు అన్నాన్ని, రొట్టెలను లెక్కించుకొంటారు గాని, పులుసులకు, సూపులకు చిక్కదనం కోసం కలిపే పిండిని సాధారణంగా పరిగణించరు. 100 గ్రాముల మైదాలో సుమారు 75 గ్రాములు, కార్న్‌ఫ్లోర్‌లో సుమారు 88 గ్రాములు పిండిపదార్థాలే. ఈ సందర్భంలో మెట్ట పంటయైన గోరుచిక్కుడు నుండి లభించే బంక పరిశీలింపదగినది.

చిక్కదనానికి కారణం

పిండి రేణువులు వేడికి నీటిని పీల్చి ఉబ్బుట వలన ద్రవం చిక్కబడుతుంది. ఈ పిండి జీర్ణమై గ్లూకోజుగా మారుతుంది. గోరుచిక్కుడు గింజ అంకురచ్ఛదంలోని గాలాక్టోమానన్ ఇందుకు భిన్నమైనది. మానోజ్ అణువుల పొడవైన గొలుసుపై, సుమారు ప్రతి రెండు మానోజ్ అణువులకు ఒకటి చొప్పున గాలాక్టోజ్ అమరి ఉంటుంది. ఇది చల్లని నీటిలోనే కరిగి చిక్కబడుతుంది. మానవ జీర్ణరసాలు దీనిని విడగొట్టలేవు. పెద్దప్రేగులోని సూక్ష్మజీవులే దీనిని పులియబెడతాయి. కనుక ఇది కరిగే పీచు పదార్థంగా పరిగణింపబడుతుంది.

వాడుక విధానం

అర లీటరు పులుసుకు 1 నుండి 2 గ్రాముల బంక సరిపోతుంది. పొడిని నేరుగా వేడి ద్రవంలో వేసినచో పైపొర తడిసి, లోపల పొడిగానే ఉండి ఉండలు కడుతుంది. అందువలన ముందుగా ఒక చెంచా నూనెలో కలిపి, ద్రవాన్ని వేగంగా గిలకొడుతూ పోయాలి. పూర్తిగా చిక్కబడుటకు కొన్ని నిమిషాలు పడుతుంది గనుక వెంటనే మరికొంత పొడి చేర్చరాదు. చింతపండు పులుపులో ఎక్కువసేపు మరిగించినచో గొలుసులు తెగి పులుసు పలుచబడుతుంది. కావున చివరలో చేర్చుట మేలు.

బంక లభించని చోట నువ్వులు, వేరుశనగ, గసగసాల ముద్దలు ఉపకరిస్తాయి. హైదరాబాదు మిర్చీ కా సాలన్ చిక్కదనం ఈ విధంగా వచ్చినదే. అయితే వీటిలో కొవ్వు, కేలరీలు అధికం.

జాగ్రత్తలు

బంక పొడిని పొడిగా మింగరాదు. అది అన్నవాహికలో ఉబ్బి అడ్డుపడవచ్చును. అలవాటు లేనివారికి కడుపుబ్బరం కలుగవచ్చును గనుక కొద్ది మోతాదుతో ప్రారంభించాలి. ఇన్సులిన్ లేదా మధుమేహపు మాత్రలు వాడేవారు పిండిపదార్థాలను తగ్గించినప్పుడు రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయే అవకాశమున్నది. వైద్యుని సలహాతో మందుల మోతాదును సరిచేసుకోవాలి. ఎండు గింజలను ఇంట్లో విసరి వాడుట తగదు. పొట్టును, మాంసకృత్తులు గల అంకురాన్ని యంత్రాలతో వేరుచేసిన పిదపనే బంక లభిస్తుంది.

రైతుకు సూచన

కూరకు పండించే పూసా నవబహార్ వంటి రకాలు వేరు, గింజ కోసం పండించే హెచ్‌జి 365, ఆర్‌జిసి 936 వంటి రకాలు వేరు. దేశంలో ఈ పంటకు రాజస్థాన్ ప్రధాన స్థానం. చమురు, సహజవాయు బావుల తవ్వకంలో బంకకు గిరాకీ పెరిగి 2012లో ధరలు అసాధారణ స్థాయికి చేరగా, ఆ సంవత్సరం మార్చిలో ముందస్తు వ్యాపారం నిలిపివేయబడింది. తదుపరి ధరలు పడిపోయాయి. వంటింటి వాడుక గ్రాములలోనే ఉంటుంది గనుక దానిని మాత్రమే చూసి విస్తీర్ణం పెంచమని చెప్పుట సరికాదు. వర్షాభావాన్ని తట్టుకొని, నేలకు నత్రజని చేర్చే ఈ పంటను సిఫారసు చేయుటకు ముందు, గింజ కొనే మిల్లు అందుబాటులో ఉన్నదో లేదో విస్తరణ శాస్త్రవేత్తలు నిర్ధారించుకోవలసి ఉంటుంది.