కొండ దారిలో చంటిబిడ్డ.. గడ్డం వాలితే గండం

క్యారియర్‌ ఎంపికలో రంగు, ధర కన్నా ఊపిరే ప్రధానం
ద్విచక్ర వాహనంపై ఆ సంచి పనికిరాదు

తిరుపతి: బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించేందుకు తిరుమలకు తరలివచ్చే కుటుంబాలకు ఏడాది పొడవునా కొదవ ఉండదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు కాలినడకన ఎక్కుతామని మొక్కుకున్న దంపతులు వారిలో ఎందరో. ఒకప్పుడు అమ్మమ్మ చంకలోనో, మేనమామ భుజంపైనో కొండెక్కిన చంటిబిడ్డ ఇప్పుడు తల్లి ఎదకు కట్టిన సంచిలో ఎక్కుతోంది. బేబీ క్యారియర్‌గా పిలిచే ఈ సంచితో సౌకర్యం లేకపోలేదు. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. జనసమ్మర్దంలో బిడ్డ చేజారుతుందన్న భయం ఉండదు. తల్లి గుండె చప్పుడు వింటూ బిడ్డ నిశ్చింతగా నిద్రపోతుంది.

చిక్కంతా కొనుగోలు వద్దే మొదలవుతోంది. దుకాణదారు అడిగేది ఒక్కటే.. బిడ్డకు ఎన్ని నెలలని. కొనేవారు చూసేది రెండు.. రంగు, ధర. లోపల కూర్చున్న బిడ్డకు ఊపిరి ఎలా ఆడుతుందన్న ప్రశ్న ఇద్దరికీ తట్టదు.

ఏడుపు కూడా వినిపించదు

నవజాత శిశువు తల మిగిలిన శరీరంతో పోలిస్తే పెద్దది, బరువైనది. దానిని నిలిపే శక్తి మెడ కండరాలకు మూడు, నాలుగు నెలల వరకూ రాదు. శ్వాసనాళం సన్నగా, మెత్తగా ఉంటుంది. సంచిలో వీపు విల్లులా వంగి గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఆ నాళం మడతపడుతుంది. పెద్దలైతే ఉలిక్కిపడి లేస్తారు. పసికందుకు తల ఎత్తే బలమే ఉండదు. గాలి ఆడని గొంతులో నుంచి ఏడుపు కూడా బయటకు రాదు. బిడ్డ హాయిగా నిద్రపోతోందని తల్లి సంతోషించే సమయంలోనే ఒంట్లో ప్రాణవాయువు తగ్గిపోతూ ఉంటుంది. ముక్కు, నోరు గుడ్డకో, తల్లి ఛాతీకో అదుముకుపోవడం రెండో ప్రమాదం. అలా జరిగితే ఒకటి రెండు నిమిషాల్లోనే ప్రాణం మీదకు వస్తుంది.

ఇది ఉత్త భయం కాదు. అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్‌ 2010 మార్చిలో ఒక హెచ్చరిక జారీ చేసింది. భుజానికి అడ్డంగా వేసుకునే స్లింగ్‌ అనే గుడ్డ సంచులతో ముడిపడి అంతకు ముందు ఇరవై ఏళ్లలో సంభవించిన 14 మరణాలను పరిశీలిస్తున్నట్లు అందులో వెల్లడించింది. చనిపోయిన వారిలో 12 మంది నాలుగు నెలల లోపు పసివారే. బిడ్డను లోతైన జోలెలో పడుకోబెట్టినట్లుగా మోసే నమూనాలు చూడముచ్చటగా ఉన్నా, గడ్డం వాలిపోయేది వాటిలోనే ఎక్కువ. నిటారుగా, పొట్టకు పొట్ట ఆనేలా కట్టుకునేవి మేలు.

సంచి సరిగా అమరిందో లేదో తెలుసుకునేందుకు పరికరాలేవీ అక్కర్లేదు. తల్లి తల కిందికి వంచగానే ఏ గుడ్డనూ తొలగించకుండా బిడ్డ ముఖం కనిపించాలి. మెడ చాచకుండానే నుదుటిపై ముద్దు పెట్టగలగాలి. అందకపోతే బిడ్డ మరీ కిందికి జారినట్టే. గడ్డానికీ ఛాతీకీ మధ్య రెండు వేళ్లు దూరే సందు ఉండాలి. బిడ్డ వీపుపై అరచేయి ఆనించి మెల్లగా నొక్కినప్పుడు వెన్ను చాపుగా తల్లి వైపు మరింత ఒదిగితే పట్టీలు ఇంకా వదులుగా ఉన్నాయని అర్థం. వదులుగా ఉంటే బిడ్డకు సుఖమన్నది అపోహ. వదులు సంచిలోనే శరీరం కుప్పగా కూలబడుతుంది. నడుస్తూ పాలివ్వాల్సి వస్తే బిడ్డను కిందికి దింపక తప్పదు. పాలు తాగడం ముగిసిన వెంటనే మళ్లీ పైకెత్తి, ముఖం కనిపించేలా పట్టీలు బిగించాలి.

నెలలు నిండకుండా పుట్టినవారు, బరువు తక్కువున్నవారు, జలుబుతో ముక్కు మూసుకుపోయినవారి విషయంలో వైద్యుని అడగకుండా క్యారియర్‌ జోలికి పోరాదు. ఆసుపత్రిలో కంగారూ పద్ధతి నేర్పారు కదా, సంచీ అలాంటిదే కదా అని కొందరు తల్లులు అనుకుంటారు. రెండూ ఒకటి కాదు. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో మొదలైన కంగారూ పద్ధతిలో బిడ్డను తల్లి చర్మానికి ఆనించి, తల ఒక పక్కకు తిప్పి, గడ్డం కాస్త పైకి ఉండేలా కడతారు. కట్టు ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో నర్సులు దగ్గరుండి చూపిస్తారు. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు ఆ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో మరోసారి గట్టిగా సిఫారసు చేసింది. ఆ సిఫారసు బజారు సంచికి వర్తించదు.

కప్ప కూర్చున్నట్లు కాళ్లు

ఊపిరి తర్వాత చూడాల్సింది తుంటి. తొలి నెలల్లో తుంటి కీలు గిన్నె ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటుంది. తొడ ఎముక గుండు అందులో సరిగా కూర్చుంటేనే గిన్నె గుండ్రంగా ఎదుగుతుంది. కాళ్ల మధ్య సన్నటి పట్టీ మాత్రమే ఉన్న సంచుల్లో బిడ్డ బరువంతా గజ్జలపై పడి కాళ్లు నిలువుగా వేలాడతాయి. అలా గంటల తరబడి మోయడం తుంటికి మంచిది కాదు. ఒక మోకాలి వంపు నుంచి రెండో మోకాలి వంపు వరకూ గుడ్డ ఆసరా ఇవ్వాలి. మోకాళ్లు పిరుదుల కన్నా కొంచెం ఎత్తులో, తొడలు విడివడి, కప్ప కూర్చున్న తీరులో ఉండాలి. ఎదురుకాళ్లతో పుట్టినవారు, కుటుంబంలో తుంటి లోపం ఉన్నవారు ఈ విషయంలో మరింత శ్రద్ధ వహించాలి.

ఇక్కడ పాత అలవాట్లలో ఒకటి మెచ్చుకోదగినది, ఒకటి మానుకోదగినది. బిడ్డను చంకనెత్తుకుని నడుముకు ఇరువైపులా కాళ్లు వేయించడం తుంటికి ఎంతో అనువైన భంగిమ. కాళ్లు వంకర పోతాయని వాటిని చాచి, దగ్గరకు చేర్చి గుడ్డతో బిగించి చుట్టడం మాత్రం కీడు చేస్తుంది.

ముఖం బయటకు తిప్పి మోయడం బిడ్డ మెడ పూర్తిగా నిలిచే వరకూ వద్దు. ఆ తర్వాతైనా కొద్దిసేపే. నిద్ర రాగానే లోపలికి తిప్పుకోవాలి.

బియ్యం సంచితో సాధన

క్యారియర్‌పై ఎంత బరువు నుంచి ఎంత బరువు వరకూ వాడవచ్చో ముద్రించి ఉండాలి. నెలల లెక్క కన్నా కిలోల లెక్కే ఖచ్చితం. మూడు కిలోల బిడ్డకు పెద్ద సంచి కొని, ఎదిగాక కూడా పనికొస్తుందని సరిపెట్టుకోవడం పొదుపు కాదు. మెత్తటి క్యారియర్లకు ఐరోపా ప్రమాణం ఈఎన్‌ 13209-2, అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్‌2236. వాటిలో ఏదో ఒకటి లేబుల్‌పై ఉందేమో చూడాలి. బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి అయింది. సంచికి వేలాడదీసిన గిలక్కాయపై ఆ గుర్తు ఉందని చూపి సంచికే ఉందన్నట్లు చెబితే నమ్మరాదు.

బంధువుల పిల్లలు వాడిన సంచి తీసుకోవడంలో తప్పులేదు. కుట్లు పిగిలాయేమో, ప్లాస్టిక్‌ బకిల్‌ నెర్రెలిచ్చిందేమో పరిశీలించాలి. బకిల్‌ పెట్టినప్పుడు టక్కుమన్న శబ్దం వినిపించాలి, గట్టిగా లాగినా ఊడరాదు. బిడ్డను కూర్చోబెట్టే ముందు ఐదు కిలోల బియ్యం సంచిని పెట్టి, మంచం అంచున కూర్చుని నాలుగైదుసార్లు కట్టి విప్పడం అలవాటు చేసుకోవాలి. అలిపిరి మెట్ల వద్ద మొదటిసారి పట్టీలు విప్పి చూసుకునే వారికి ఈ సాధన మరీ అవసరం.

మెట్ల పూజ వేళ జాగ్రత్త

గాలిగోపురం వరకూ మెట్లు నిలువుగా ఉంటాయి. మోసేవారికి చెమట పడితే సంచిలోని బిడ్డకు అంతకు రెట్టింపు ఉక్క. పెద్దల శరీర వేడి కూడా ఒక దుస్తుల పొరతో సమానమని లెక్కవేసుకుని బిడ్డకు పలుచని నూలు చొక్కా ఒక్కటే వేయాలి. మెడ వెనుక చేయి పెట్టి చూసి, తడిగా, వేడిగా ఉంటే నీడలో ఆగి బయటకు తీయాలి. తెల్లవారుజామున చలిగా ఉందని శాలువా కప్పేవారు దానిని బిడ్డ భుజాల వరకే కప్పాలి, ముఖం మీదికి రానీయరాదు.

కొందరు ప్రతి మెట్టుకూ పసుపు, కుంకుమ పెడుతూ, కర్పూరం వెలిగిస్తూ ఎక్కుతారు. ఎదపై బిడ్డను కట్టుకుని ఆ పని చేయడం ప్రమాదకరం. నడుము వంచిన ప్రతిసారీ బిడ్డ తల ముందుకు తూలుతుంది, వదులుగా ఉంటే పై నుంచి జారిపోతుంది. కింద మంట ఉంటుంది. మొక్కు తీర్చుకునే వారు ఒకరు, బిడ్డను మోసేవారు మరొకరు కావడం మేలు. మోకాళ్ల పర్వతం వద్ద మోకాళ్లపై ఎక్కే వారికీ ఇదే వర్తిస్తుంది. కింద పడినది తీసుకోవాలంటే నడుము కాదు, మోకాళ్లు వంచి, ఒక చేత్తో బిడ్డ తల పట్టుకోవాలి. దారిలో వేడి టీ తాగాలన్నా ముందు బిడ్డను మరొకరికి అందించాల్సిందే. బిడ్డ చేతులు బయటే ఉంటాయి, గ్లాసు ఎంతో దూరం ఉండదు.

క్యూలైన్‌లో వీపు వెనుక మోయడం కన్నా ముందు వైపు మోయడం శ్రేయస్కరం. వెనుక ఎవరు తోసుకుంటున్నారో తల్లికి కనబడదు.

బండి మీద సంచి రక్షణ కాదు

అసలు ప్రాణాపాయం కొండ దిగాక ఎదురవుతుంది. బస్టాండు నుంచి ఇంటికి, ఇంటి నుంచి టీకాల కోసం ఆసుపత్రికి తండ్రి బండి నడుపుతుంటే వెనుక ఒక పక్కకు కూర్చున్న తల్లి ఎదపై సంచిలో బిడ్డ! లేదంటే నడిపే తండ్రి ఛాతీకే కట్టిన బిడ్డ! సంచి ఉందన్న ధైర్యంతో వేగం పెంచేవారూ ఉన్నారు. నడిచే మనిషి కోసం కుట్టిన సంచి అది. బండి పడితే బిడ్డ తల్లి శరీరానికీ రోడ్డుకూ మధ్య నలిగిపోతుంది. నడిపేవారి ఛాతీపై ఉంటే హ్యాండిల్‌కు మొదట తగిలేది బిడ్డ తలే.

కేంద్ర ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో ప్రకటించిన నిబంధనలు ఏడాది తర్వాత, 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలను ద్విచక్ర వాహనంపై తీసుకెళ్లేటప్పుడు నడిపేవారికి బిడ్డను కలిపి ఉంచే రక్షణ పట్టీ ఉండాలి. అది బిడ్డ తొడుక్కునే చొక్కా రూపంలో ఉండి, 30 కిలోల బరువు ఆపగలగాలి. బిడ్డ తలకు సరిపడే హెల్మెట్‌ ఉండాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటరాదు. తొమ్మిది నెలల లోపు వారి ఊసు అందులో లేదని దానిని అనుమతిగా భావించేవారు లేకపోలేదు. హెల్మెట్‌ బరువు మోయలేని మెడ అది. ఆ వయసు వారికి బండి ప్రయాణమే తగదు. బస్సు, ఆటో ఏదైనా దీనికన్నా నయం.

కారులోనూ ఒడి రక్షణ కాదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేనినైనా ఢీకొని సెకనులో పదో వంతు సమయంలో ఆగిపోతే, ఎనిమిది కిలోల బిడ్డ సుమారు 90 కిలోల బరువుతో సమానమైన బలంతో ముందుకు దూసుకుపోతుంది. ఏ తల్లి చేతులూ దానిని ఆపలేవు. తల్లీబిడ్డలిద్దరికీ కలిపి సీటు బెల్టు పెట్టుకుంటే తల్లి బరువు కూడా బిడ్డపైనే పడుతుంది. వెనుక సీటులో, బిడ్డ ముఖం వెనుక అద్దం వైపు ఉండేలా బిగించిన చైల్డ్‌ సీటు ఒక్కటే మార్గం. ఎయిర్‌బ్యాగ్‌ ఉన్న ముందు సీటులో దానిని పెట్టనే కూడదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు సీటు బెల్టు గానీ, చైల్డ్‌ సీటు గానీ లేకుండా కారు నడిపితే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా. అద్దె కారులో ఘాట్‌రోడ్డు ఎక్కేవారు సీటు ఉందో లేదో బుక్‌ చేసుకునే సమయంలోనే అడగాలి.

ఇంట్లో వాకర్‌, ఉయ్యాల

బిడ్డకు త్వరగా నడక వస్తుందని కొనే చక్రాల వాకర్‌ ఆ పని చేయదు సరికదా, నడకను ఆలస్యం చేసే అవకాశం ఉంది. గడప దాటి మెట్లపై నుంచి దొర్లిపడటం, అందని పొయ్యిని అందుకోవడం దానితోనే సాధ్యమవుతాయి. కెనడా 2004లోనే దాని అమ్మకాన్ని నిషేధించింది. నేలపై చాప పరచి వదిలితే చాలు.

చీర ఉయ్యాలను తప్పుపట్టనక్కర్లేదు గానీ అందులోనూ గడ్డం సంగతి మరువరాదు. పసికందు గుడ్డ లోతులో ముడుచుకుపోకుండా చూడాలి, నిద్రపోయాక చదునైన పక్కపై వెల్లకిలా మార్చాలి. దిండ్లు వద్దు. ఉయ్యాలకు పెద్ద ప్రమాదం చంటిబిడ్డ నుంచి కాదు, అన్నయ్య, అక్కయ్యల నుంచి. ఖాళీ ఉయ్యాలలో తల దూర్చి గిరగిరా తిరిగే ఆటలో చీర మెలిపడి మెడకు బిగుసుకుపోతుంది. బిడ్డను తీయగానే చీరను విప్పి పైకి చుట్టేయాలి. దూలానికి వేసిన కొక్కెం, తాడు ఒరిసిపోయాయేమో వారానికోసారి పెద్దలు రెండు చేతులతో వేలాడి మరీ చూడాలి.