సిపాయికి సకాల న్యాయం

పౌరుని పట్టుకొనేవారు పోలీసులు; విచారించేవాడు న్యాయాధిపతి. ఈ యిద్దరికీ నడుమ కొంత ఎడమున్నది. సైన్యంలోనో, నిర్బంధించేదీ, అభియోగం మోపేదీ, విచారణకు కోర్టు మార్షల్‌ను కూర్చేదీ ఒకే అధికారశ్రేణి. అట్టి చోట నిందితునికి మొదటి రక్ష కాలపరిమితియే.

మన శాసనకర్తలు ఈ సంగతి ఎరుగనివారు కారు. నిర్బంధ వార్త తనకు అందిన 48 గంటలలోగా కమాండింగ్ ఆఫీసరు అభియోగాన్ని పరిశీలించవలెనని 1950 నాటి సైనిక చట్టం 102వ సెక్షను విధించింది. ఆదివారాలూ, సెలవుదినాలూ ఆ లెక్కలోకి రావు. అది సాధ్యపడనప్పుడు కారణాన్ని పైఅధికారికి తెలుపవలె. కోర్టు మార్షల్‌కు ఉత్తరువు వెలువడకుండా 8 దినాలు దాటితే ఆలస్యానికి హేతువు చెప్పుతూ ప్రత్యేక నివేదిక పంపవలె. ఆపైన ప్రతి 8 దినాలకూ మరొకటి. ఇది 103వ సెక్షను. ‘యాక్టివ్ సర్వీసు’లో వున్నవారికి మాత్రం ఇది వర్తించదు.

చిక్కు ఇక్కడనే వున్నది. ఈ సెక్షను కారణం అడుగుతుందే గాని, ఇన్ని నివేదికల తరువాత నిందితుని విడిచిపెట్టవలెనని చెప్పదు. కాగితం కదలుతూనే వుంటుంది. మనిషి మాత్రం ఉన్నచోటనే వుంటాడు.

అమెరికా సైనిక న్యాయవిధానం మరొక అడుగు వేసింది. అనుమతించిన వాయిదాలు పోను 120 దినాలలో నిందితుని విచారణకు నిలుపకపోతే, అభియోగాన్ని కొట్టివేయవలసినదే. మళ్లీ మోపవచ్చునా, కూడదా అన్నది న్యాయాధిపతి తేల్చుతాడు. అయినా ఆ వాయిదాలు ఎంతవరకు సాగగలవో లోకం చూచింది. 2010 మే నెలలో నిర్బంధంలోకి వెళ్లిన చెల్సియా మేనింగ్ కేసులో అసలు విచారణ 2013 జూన్‌లో గాని ఆరంభం కాలేదు.

సత్వర విచారణ 21వ అధికరణంలోని జీవన స్వేచ్ఛలో భాగమని 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీం కోర్టు చాటింది. సైనికుల ప్రాథమిక హక్కులను కుదించే అధికారాన్ని 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చిన మాట నిజమే. కాని క్రమశిక్షణకు ఆలస్యం ఏపాటి సాయం చేస్తుంది? నేరస్థుడైతే శిక్ష ఆలస్యమై, తోటివారికి దాని గుణపాఠం మాసిపోతుంది. నిర్దోషియైతే శిక్ష ముందే పడిపోతుంది. 2007 నాటి చట్టంతో ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునలుకు సైనిక నిర్బంధంలో వున్నవారికి బెయిలు ఇచ్చే అధికారం దక్కటం కొంత ఊరట. మరణదండన, యావజ్జీవ శిక్ష పడదగిన నేరాలలో దానికీ హద్దులున్నవి.

సకాలమంటే తొందర కాదు. సాక్షులను పిలిపించుకొని, తన వాదం సిద్ధం చేసుకొనే వ్యవధి నిందితునికి వుండవలె. ఆ వ్యవధికి మించి అతడు గడిపే ప్రతి దినానికీ ఎవరో ఒకరు జవాబుదారీ కావలె. దేశం కోసం ప్రాణమొడ్డుతానని ప్రమాణం చేసినవాడు దేశాన్ని కోరేది ఆపాటి న్యాయమే గదా!