పరాయి ఊళ్లో నోట్లిచ్చే కార్డు

పొడవు 85.60 మిల్లీమీటర్లు, వెడల్పు 53.98, మందం 0.76. ఏ దేశపు బ్యాంకు కార్డును కొలిచినా ఇవే కొలతలు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డాలర్లు వేయించుకున్న ఫారెక్స్ కార్డు చికాగో ఏటీఎంలోనూ, బ్యాంకాక్ ఏటీఎంలోనూ ఇమిడిపోయేది అందుకే. కానీ ఇమిడినంత మాత్రాన నోట్లు బయటికి రావు. మనల్ని ఎన్నడూ చూడని బ్యాంకు, మన ఊరి పేరైనా తెలియని బ్యాంకు, మనల్ని నమ్మి డబ్బు చేతిలో పెట్టాలి. ఆ నమ్మకాన్ని కుదిర్చే ఉపాయాలు వెతకడం మొదలై రెండున్నర శతాబ్దాలైంది.

ఫారెక్స్ కార్డును చూస్తే చాలామందికి ఏటీఎం కార్డు గుర్తొస్తుంది. నా దృష్టిలో మాత్రం ఇది ట్రావెలర్స్ చెక్కుకు వారసురాలు. 1772లో లండన్ బ్యాంకరు రాబర్ట్ హెరీస్ ఐరోపాలోని సుమారు 90 నగరాల్లో చెల్లే కాగితాలు అమ్మడం మొదలుపెట్టాడు. ముందుగా డబ్బు కట్టి కాగితం తీసుకోవడం, చేరిన ఊళ్లో దాన్ని నగదుగా మార్చుకోవడం: ప్రీపెయిడ్ అన్న ఆలోచన అప్పటికే అందులో ఉంది. 1890 ప్రాంతంలో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అధ్యక్షుడు జె.సి. ఫార్గో ఐరోపా వెళ్లాడు. అంత పెద్ద కంపెనీ అధిపతి అయి ఉండీ, పెద్ద నగరాలు దాటితే తన దగ్గరున్న హామీపత్రాలకు డబ్బిచ్చేవాడు దొరక్క విసిగిపోయి తిరిగొచ్చాడు. ఆయన ఉద్యోగి మార్సెలస్ బెర్రీ 1891లో దానికో పరిష్కారం చూపించాడు. చెక్కు కొన్నప్పుడు ఒక సంతకం, ఖర్చుపెట్టేటప్పుడు చెక్కు తీసుకునేవాడి కళ్లముందు రెండో సంతకం. రెండూ కలిస్తే మనిషి అసలువాడే. చెక్కు పోతే కంపెనీ డబ్బు తిరిగిస్తుంది. ఇంత తేలికైన ఉపాయం వందేళ్లు ప్రయాణికులను కాపాడింది.

మన దేశంలో ఆ చెక్కులు కొనుక్కోవడానికీ భాగ్యం ఉండాల్సిన రోజులుండేవి. 1960లు, 70ల్లో పైచదువులకు అమెరికా వెళ్లిన మన ఇంజనీర్లు, డాక్టర్లు 8 డాలర్లతో దిగామని చెబుతుంటే పిల్లలు నమ్మరు. అది నిజం. దేశంలో విదేశీ మారకం అంత కరువుగా ఉండేది.

ఇక నోట్లిచ్చే యంత్రం సంగతి. దాన్ని తెచ్చినవారిలో ఒకరైన జాన్ షెపర్డ్ బారన్ 1925లో షిల్లాంగ్‌లో పుట్టిన స్కాట్లాండ్ వంశస్థుడు. శనివారం బ్యాంకు మూసేశాక చేరుకుని డబ్బు దొరక్క వెనుదిరిగిన ఆయనకు, చాక్లెట్లు ఇచ్చే యంత్రం నోట్లు ఎందుకివ్వకూడదన్న ఆలోచన వచ్చింది. 1967 జూన్ 27న ఉత్తర లండన్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు గోడకు ఆ యంత్రాన్ని అమర్చారు. ఆ యంత్రానికి ప్లాస్టిక్ కార్డు లేదు. కార్బన్-14 అనే రేడియోధార్మిక పదార్థం స్వల్పంగా అద్దిన కాగితపు చెక్కును లోపల పెడితే, యంత్రం ఆ ధార్మికతను పసిగట్టి, పిన్ సరిచూసి, 10 పౌండ్లు ఇచ్చేది. పిన్‌కు ఆరంకెలు పెడదామని ఆయన అనుకుంటే, నాలుగు మించి గుర్తుండవని భార్య క్యారొలిన్ అన్నదట. అలా నాలుగే ఖాయమయ్యాయని ఆయనే చెప్పాడు. అయితే పిన్ మీద పేటెంటు హక్కుకు అంతకు ఏడాది ముందే, 1966లో, జేమ్స్ గుడ్‌ఫెలో అనే మరో స్కాట్లాండ్ ఇంజనీరు దరఖాస్తు చేసుకున్నాడు. కీర్తి చాలాకాలం షెపర్డ్ బారన్‌కే దక్కింది. గుడ్‌ఫెలోకు న్యాయం ఆలస్యంగా జరిగిందనే నేనంటాను.

కార్డు వెనుక నల్లపట్టీ ఐబీఎం ఇంజనీరు ఫారెస్ట్ పారీ చలవ. 1960ల మొదట్లో అయస్కాంత టేపును ప్లాస్టిక్‌కు అంటించాలని జిగురులన్నీ ప్రయత్నించి విఫలమై ఇంటికొస్తే, బట్టలు ఇస్త్రీ చేస్తున్న భార్య డొరొతియా ఆ ఇస్త్రీపెట్టెతోనే అతికించి చూపింది. కానీ పట్టీలోని సమాచారాన్ని దొంగ మరో కార్డుకు ఎక్కించుకోగలడు. అందుకే చిప్పు అవసరమైంది. దానికి పునాది వేసినవారిలో ఒకడు 1974లో పేటెంటుకు దరఖాస్తు చేసిన ఫ్రెంచి ఆవిష్కర్త రోలాండ్ మొరెనో. చిప్పు ప్రతి లావాదేవీకీ ఒక కొత్త సంకేతాన్ని లెక్కగట్టి ఇస్తుంది. నిన్నటి సంకేతం ఇవాళ చెల్లదు.

పిన్ ఎలా ప్రయాణిస్తుందో కాస్త దగ్గరగా చూద్దాం. చికాగోలో మనం 4721 నొక్కామనుకోండి. కీప్యాడ్ అడుగునున్న చిన్న కంప్యూటరు ముందు ఒక 0, తర్వాత అంకెలెన్నో చెప్పే 4, ఆపైన 4721 పేర్చి, మిగిలిన చోట్లు పూరక గుర్తులతో నింపి 16 స్థానాల వరుస చేస్తుంది. దాన్ని కార్డు నంబరులోని 12 అంకెలతో కలగలిపి, ఆ తర్వాత రహస్య తాళంతో బిగిస్తుంది. కాబట్టి ఇద్దరు ఒకే పిన్ పెట్టుకున్నా తీగలో వెళ్లే వరుసలు వేరు. కీప్యాడ్‌ను ఎవరైనా విప్పబోతే అది తన తాళాలను తానే చెరిపేసుకుంటుంది. ఏటీఎం బ్యాంకు నుంచి వీసా లేదా మాస్టర్‌కార్డ్ నెట్‌వర్క్‌కు, అక్కడినుంచి కార్డు ఇచ్చిన మన బ్యాంకుకు ఆ వరుస చేరుతుంది. మధ్యలో ఏ మజిలీలోనూ ఏ మనిషి కంటా 4721 పడదు. నిల్వ ఉందా, చిప్పు సంకేతం సరిపోయిందా అని మన బ్యాంకు కంప్యూటర్లు చూసి సరేనంటే అక్కడ నోట్లు కదులుతాయి. ఇదంతా కొద్ది సెకన్ల పని.

వీసా, మాస్టర్‌కార్డ్‌లా బ్యాంకులను కలిపే కూడలి దేశంలోపలా ఉండాలి. 1987లో ముంబైలో హెచ్ఎస్‌బీసీ తొలి ఏటీఎం తెచ్చాక, చాలా ఏళ్లు ఒక బ్యాంకు కార్డు మరో బ్యాంకు యంత్రంలో తేలిగ్గా పనిచేసేది కాదు. 2004లో ఆ ముడి విప్పిన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను నిర్మించింది మన హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ. రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఈ సంస్థ గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా అయినా ఉండాలి.

ఫారెక్స్ కార్డు ఈ దారులన్నీ వాడుకుంటుంది గానీ మన పొదుపు ఖాతాతో దానికి ముడి లేదు. దాని బలం అదే. అందులో వేసిన 500 డాలర్లే దాని ప్రపంచం. కార్డు, పిన్ రెండూ దొంగ చేతిలో పడినా ఊళ్లోని నాన్న జీతం ఖాతా క్షేమం. వేయించిన రోజు రేటే ఖాయం కాబట్టి, తర్వాత రూపాయి పడిపోయినా వేసిన డాలర్లు తరగవు. పైగా చాలా దేశాలకు వెళ్లేటప్పుడు విడి నోట్ల రూపంలో 3,000 డాలర్లు మించి తీసుకెళ్లనివ్వరు. మిగతాది కార్డులోనో, మరో మార్గంలోనో వెళ్లాల్సిందే. ఈ కార్డు భారత్, నేపాల్, భూటాన్‌లలో పనిచేయదని గుర్తుంచుకోవాలి.

ఖర్చులు మూడుచోట్ల పడతాయి. నగదు తీసినందుకు కార్డిచ్చిన బ్యాంకు రుసుము మొదటిది. యంత్రం గల బ్యాంకు రుసుము రెండోది. థాయ్‌లాండ్‌లో అది ఒక్కసారికి 200 బాట్ల పైనే, వెయ్యి తీసినా పదివేలు తీసినా ఒకటే. కాబట్టి చిల్లరగా పదిసార్లు తీయడం డబ్బు పారబోసుకోవడమే. డాలర్లు వేసిన కార్డుతో బాట్లు తీస్తే పడే మారకపు అదనం మూడోది. ఏ దేశం వెళ్తున్నామో ఆ కరెన్సీయే వేయించుకుంటే ఈ మూడోది తప్పుతుంది.

వీటికన్నా నాకు కోపం తెప్పించేది తెరమీద వచ్చే ఒక ప్రశ్న. కార్డు నంబరు మొదటి అంకెలను బట్టి అది భారతీయ కార్డని యంత్రానికి తెలుసు. "మీ సొంత కరెన్సీలో లెక్క కట్టమంటారా?" అని అడిగి రూపాయల మొత్తం చూపిస్తుంది. తెలిసిన రూపాయి కనబడగానే అలసిన ప్రయాణికుడు అవునని నొక్కేస్తాడు. ఆ రేటు యంత్రం యజమాని నిర్ణయించినది, చాలాసార్లు మార్కెట్ రేటు కంటే బాగా ఎక్కువ. పైగా మన కార్డులో ఉన్నవి డాలర్లు. బాట్లు రూపాయలై, రూపాయలు మళ్లీ డాలర్లై, రెండుసార్లు కోత పడే ప్రమాదముంది. ఇది సేవ పేరుతో జరిగే దోపిడీ అని నా నిశ్చితాభిప్రాయం.

పిల్లలను ఆగస్టులో పైచదువులకు పంపుతున్న తల్లిదండ్రులకు ఒక మాట. సూట్‌కేసు సర్దేటప్పుడే వాళ్లకు ఈ నాలుగూ చెప్పండి. కార్డు పోతే ఆపించే ఫోను నంబరు కార్డుతోపాటు కాక వేరే చోట రాసి పెట్టుకోవాలి. హోటల్ అడ్వాన్సుకు ఈ కార్డు ఇస్తే ఆ సొమ్ము కొన్ని రోజులు బిగుసుకుపోతుంది, అందుకు వేరే కార్డు ఇవ్వాలి. నగదు తక్కువసార్లు, ఎక్కువ మొత్తంలో తీయాలి. ఏటీఎం తెరమీద రూపాయలు కనబడితే వద్దని, ఆ దేశపు కరెన్సీనే నొక్కాలి.